సగం కోట్ల బ్యాండు మేళం

మా పక్కింట్లో తెలివి ఎక్కువైపోయి పెరట్లోకి పారుతూ ఉంటుంది. ఇది నా మాట కాదు, ఆ ఇంటి పెద్దవాడు అప్పలకొండ మాట. పొద్దున్నే అరుగు మీద పళ్ళు తోముకుంటూ, "మా అన్నదమ్ముల ముగ్గురి బుర్రలూ కలిపితే యలమంచిలి మొత్తానికి సరిపోతాయి పిన్నీ" అంటాడు. నేను గోడ ఇవతల గిన్నెలు కడుక్కుంటూ, "ఊరికి సరిపోతాయి నాయనా, మీకే మిగలవు" అంటాను. మెచ్చుకున్నాననుకుని నవ్వుతాడు.

వాళ్ళది బ్యాండు మేళం. అప్పలకొండ పెద్ద బూరా ఊదుతాడు. రెండోవాడు సింహాచలం డ్రమ్ము కొడతాడు. చిన్నవాడు గవర్రాజుది క్లారినెట్టు. ముగ్గురికీ ఎర్ర కోట్లు, బంగారు రంగు గుండీలు, నడుముకి తెల్ల బెల్టులు. వాయించడం మాత్రం బాగా వాయిస్తారు, కాదంటే కళ్ళు పోతాయి. వాళ్ళ నియమం ఒక్కటే. ఎదుటివాళ్ళు ఏ చప్పుడు అడిగితే ఆ చప్పుడు ఇచ్చి తీరాలి, రాదు అనకూడదు.

ఆ గవర్రాజుకి తునిలో ఒక సంబంధం తగిలింది. పిల్ల పేరు లోవలక్ష్మి. ఏదో పెళ్ళిలో ఆ పిల్లని చూసిన దగ్గర్నుంచి వీడికి ముద్ద దిగడం లేదు. పిల్ల తండ్రి ఎర్రయ్య గారు ఒకప్పుడు పేరున్న బ్యాండు మాస్టారు. "శుక్రవారం మీ ఊరు పెళ్ళికి వస్తున్నాను. ఊరేగింపులో కుర్రాణ్ణి యూనిఫాంలో నిలువెల్లా చూస్తాను. నచ్చితే అక్కడే మాట ఇచ్చేస్తాను" అని కబురు పెట్టాడు. గవర్రాజు మంచి పిల్లాడు. వాడికి పెళ్ళయితే ఆ ఇంట్లోకి ఒక బుర్ర ఉన్న మనిషి వస్తుందని నాకూ ఆశే.

ఇంకేముంది, మాస్టారికి కోట్లు తళతళలాడాలని శుక్రవారం పొద్దున్నే ఉతికేశారు. బయట ముసురు. అయినా వాళ్ళకేం బెంగ లేదు. బదిలీ అయి వెళ్ళిపోతూ ఒక బ్యాంకు ఆఫీసరు వదిలించుకున్న డ్రయ్యరు వాళ్ళ వరండాలో ఉంది. బట్టలు లోపల పడేసి, తలుపు మూసి, బటను నొక్కితే, వేడి గాలిలో గిరగిరా తిప్పి ఆరబెట్టే మిషను అది. మూడు కోట్లూ అందులో కుక్కారు. తలుపు నెట్టారు. బటను నొక్కారు. మిషను ఉలకలేదు, పలకలేదు.

మెకానిక్కు మస్తానుకి ఫోను చేశారు. వాడు అనకాపల్లిలో వానకి ఇరుక్కుపోయి ఉన్నాడు. "నేను ఫోన్లో చెప్తాను, చెప్పింది చెప్పినట్టు చెయ్యండి" అన్నాడు. ఆ ఇంటివాళ్ళతో అనకూడని మాట అదొక్కటే. మా వంటింటి కిటికీకీ వాళ్ళ వరండాకీ మధ్య చెయ్యి చాపేంత దూరం, కాబట్టి స్పీకర్లో పెట్టిన ఆ ఫోను మాటలతో సహా అన్నీ నా కంటా చెవినా పడ్డాయి.

"ముందు కరెంటు వస్తోందో లేదో చూడాలి. మిషను ప్లగ్గు పీకి, అదే సాకెట్లో టేబులు ఫ్యాను పెట్టండి" అన్నాడు మస్తాను.

పెట్టారు. ఫ్యాను తిరిగింది. ముగ్గురూ దాని ముందు కూర్చుని హాయిగా గాలి పోసుకున్నారు.

"కరెంటు ఉందన్నమాట. ఇప్పుడు మిషను తలుపు గట్టిగా వెయ్యండి. టిక్ మనాలి. లోపల చిన్న స్విచ్చు ఉంటుంది, అది నొక్కుకుంటేనే మోటారుకి కరెంటు పోతుంది. టిక్ మందా?"

తలుపు వేశారు. టిక్ అనలేదు. సింహాచలం మొహం మాడిపోయింది. "అన్నయ్యా, ఆయన టిక్ అడుగుతున్నాడు, మన దగ్గర లేదు" అన్నాడు.

"లేదంటే పరువేం కానురా" అన్నాడు అప్పలకొండ. అంతే, సింహాచలం డ్రమ్ము పుల్ల తీసి మిషను నెత్తి మీద టిక్ మనిపించాడు.

"ఆ, వినబడింది. తలుపు స్విచ్చు బాగుంది. ఇప్పుడు బటను నొక్కండి. మోటారు గుయ్ మనాలి."

అప్పలకొండ తమ్ముడి చేతికి ఫోనిచ్చి, బూరా అందుకుని, సన్నగా, తీగలా, గుయ్ మని ఊదాడు. ఎంత కమ్మగా ఊదాడంటే, మోటార్లతో కాపురం చేసే మస్తానే మోసపోయాడు.

"మోటారు బంగారంలా ఉంది. ఇంక ఏ లోపమూ లేదు. వేడి రావడానికి కొంచెం టైము పడుతుంది, కూర్చోండి" అని ఫోను పెట్టేశాడు.

కూర్చున్నారు. అప్పలకొండకి ఊపిరి అందడం లేదు, అయినా గుయ్ మంటూనే ఉన్నాడు. మోటారు ఆపకూడదు కదా. ఇంక నావల్ల కాక చెంగు బిగించి వెళ్ళాను. చూద్దును కదా, సాకెట్లో ఫ్యాను తిరుగుతోంది, మిషను ప్లగ్గు నేల మీద పడి ఉంది.

"ఒరేయ్, ఫ్యాను తీసి దీన్ని పెట్టాలని తెలీదా?" అన్నాను.

"ఫ్యాను పెట్టమన్నాడు పిన్నీ, తియ్యమనలేదు" అన్నాడు అప్పలకొండ. చదువుకున్న వకీలు కూడా అంత ధీమాగా చెప్పడు.

ఆ ప్లగ్గు నేనే పెట్టాను. అయినా మిషను కదల్లేదు. ఎలా కదులుతుంది? మూడు కోట్లు కుక్కేసరికి ఒక బెల్టు తలుపు సందులో ఇరుక్కుని, తలుపు పూర్తిగా పడటం లేదు. నేనే మస్తానుకి ఫోను చేసి ఆ సంగతి చెప్పాను. "అదేంటమ్మా, ఇందాక టిక్ మందే" అని వాడు ఆశ్చర్యపోయి, "లోపల బట్టలెక్కువయ్యాయి. సగం తీసేసి, సగం ఉంచమనండి. తలుపు దానంతటదే పడుతుంది" అన్నాడు. ఆ మాట వాళ్ళకి చెప్పి, పొయ్యి మీద పప్పు మాడుతోందని ఇంటికొచ్చాను.

పప్పు దించేలోగా అక్కడ గొడవ మొదలైంది. మూడు కోట్లలో సగం ఎలా తీస్తాం అన్నాడు సింహాచలం. ఎవరిది తీసినా ఇంకొకరికి అన్యాయం అన్నాడు గవర్రాజు. అప్పుడు అప్పలకొండ బుర్ర, ఆ ఊరందరికీ సరిపోయే బుర్ర, పనిచేసింది. కత్తెర తెచ్చాడు. ఒక్కో కోటునీ మెడ దగ్గర్నుంచి కిందిదాకా, వీపు మధ్యగా, తేడా రాకుండా కత్తిరించాడు. ఎడమ సగాలు మిషన్లో ఉంచాడు, కుడి సగాలు బకెట్లో పడేశాడు. తలుపు వేస్తే టిక్ మంది. బటను నొక్కితే గుయ్ మంది. మిషను గిరగిరా తిరిగింది. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు.

సాయంత్రం ఊరేగింపులో చూశాను వాళ్ళని. ఎడమ పక్కన ఎర్ర కోటు, బంగారు గుండీలు. కుడి పక్కన బనీను. ఎర్రయ్య గారు రోడ్డుకి ఎడమ వైపు టీకొట్టు దగ్గర నిలబడ్డాడు, వీళ్ళ అదృష్టం. గవర్రాజు వాయించే క్లారినెట్టు వింటూ ఆయన తల ఊపాడు. పక్కనున్నాయనతో, "కుర్రాడు చక్కగా ఉన్నాడు, గుండీలు కూడా బాగా తోమాడు" అనడం నేను నా చెవులతో విన్నాను. ఆయన అక్కణ్ణుంచి కదలకుండా చూడు దేవుడా అని మొక్కుకున్నాను.

కదిలాడు. కుర్రాణ్ణి రెండో వైపు కూడా చూద్దామని రోడ్డు దాటాడు. గవర్రాజు ఆయనకి ఎడమ పక్కే కనబడేలా గిర్రున తిరిగాడు. మేళంలో ఒకడు తిరిగితే అందరూ తిరగాలి, కాబట్టి అన్నలూ తిరిగారు. ఆయన ఇటొచ్చాడు, వీళ్ళు అటు తిరిగారు. ఆయన అటెళ్ళాడు, వీళ్ళు ఇటు తిరిగారు. వెనకాల పెళ్ళికొడుకు కారు ఆగిపోయింది, పెళ్ళివారు తిట్లు లంకించుకున్నారు. పొద్దున్న ఇంట్లో అంతసేపు మొరాయించిన మిషను సాయంత్రం నడిరోడ్డు మీద తిరిగింది. చివరికి ఎర్రయ్య గారికే కళ్ళు తిరిగి, టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు.

"నిలువెల్లా చూద్దామని వచ్చాను. సగమే చూశాను" అని గొణుక్కుంటూ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

గవర్రాజు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు, "పదండ్రా, నేనొచ్చి ఆయన్ని బతిమాలుతాను" అన్నాను. సరేనని ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని తుని బస్సెక్కారు. చలేమో అనుకున్నాను. ఎర్రయ్య గారి గుమ్మంలో దుప్పట్లు తీశారు. ఒంటి మీద కుడి సగాలు. ఎడమ పక్క బనీన్లు.

"మొదటి సగం నిన్న చూశారు కదండీ. రెండో సగం పొద్దున్న ఆరబెట్టి తెచ్చాం. ఇంక నిలువెల్లా చూసినట్టే" అన్నాడు అప్పలకొండ.

కిటికీలోంచి లోవలక్ష్మి నవ్వు వినబడింది. ఎర్రయ్య గారు విసురుగా లోపలికెళ్ళాడు. తలుపు వేసేశాడు. లోపల గడియ టిక్ మంది.

నేను సిగ్గుతో చచ్చిపోయి, "ఇంక పదండ్రా, అయిపోయింది" అన్నాను.

"అదేంటి పిన్నీ, టిక్ మంది, నువ్వు వినలేదా?" అన్నాడు సింహాచలం. "తలుపు సరిగ్గా పడిందన్నమాట. ఇంక బటను నొక్కడమే." అని వెళ్ళి కాలింగ్ బెల్లు నొక్కాడు. ముగ్గురూ తలుపుకి చెవులు ఆనించారు. లోపల్నుంచి గుయ్ రాలేదు. అంతే, అప్పలకొండ సంచిలోంచి బూరా తీసి సన్నగా గుయ్ మని అందుకున్నాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఎర్రయ్య గారి మొహం ఆ కోట్లకన్నా ఎర్రగా ఉంది. "మీ మొహాలకి పిల్లనిచ్చేది లేదు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతాను" అని, తలుపు మళ్ళీ వేసుకున్నాడు. గడియ మళ్ళీ టిక్ మంది.

గవర్రాజు ఏడుపు మొహంతో పెద్దన్న వైపు చూశాడు. అప్పలకొండ వాడి భుజం తట్టి, అరుగు తుడిచి, తీరిగ్గా చతికిలబడ్డాడు.

"బెంగపడకు తమ్ముడూ. వేడి వచ్చేసింది" అన్నాడు. "ఇంక ఆరేదాకా కూర్చోవడమే."