లోపలికి తెరుచుకునే తలుపు

రంగాచార్యులు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒక రోజు ఆగి, చెప్పులు వేసుకుని, "పద" అనేవారు. రాజమండ్రిలో ముప్పై ఏళ్లుగా ఇళ్ల లోపలి అలంకరణ పని చేస్తున్న మనిషి. ఆయన "పద" అన్నాక ఎక్కడికని అడగకుండా వెంట నడవడమే పద్ధతని ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ తెలుసు.

సుమేధ ఆయన దగ్గర చేరి పది నెలలైంది. విశాఖపట్నంలో ఇంటీరియర్ డిజైన్ చదివి, పట్టా చేతికి రాగానే సొంత ఊరికి వచ్చేసింది. కంప్యూటర్ మీద ఆమె గీసే గదులు నిజం గదుల కంటే బాగుండేవి. కిటికీలోంచి వెలుగు ఎంత ఏటవాలుగా పడాలో, సోఫా మీద దుప్పటి ఎంత నిర్లక్ష్యంగా జారి ఉండాలో ఆమెకు బాగా తెలుసు. ఆ గదుల్లో మనుషులు మాత్రం ఉండేవారు కాదు. మనిషిని పెడితే చూపు అటే పోతుందని కాలేజీలో చెప్పారు.

ఆ వేసవిలో ఆమెకు మొట్టమొదటి సొంత పని వచ్చింది. మందుల కంపెనీలో పనిచేసే లోవరాజు కొత్తగా ఫ్లాట్ కొన్నాడు. ఇంట్లో అతను, భార్య దుర్గాభవాని, తండ్రి పోలయ్య. పోలయ్య ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. ఇప్పుడు మోకాళ్లు అరిగి చేతికర్ర మీద నడుస్తున్నాడు. సుమేధ గీసిన నమూనా చూసి భార్యాభర్తలిద్దరూ మురిసిపోయారు. వడ్రంగం పని ముప్పాతిక వంతు అయింది. పని చూడవచ్చిన బంధువులు ఇద్దరు ఆమె ఫోన్ నంబరు రాసుకున్నారు. సుమేధ తన పేరుతో కార్డులు అచ్చు వేయించుకుని, ఒక సాయంత్రం మాస్టారి బల్ల ముందు నిలబడింది.

"మాస్టారూ, ఇక నేను సొంతంగా నిలబడగలనంటారా? ఇంకా నేర్చుకోవాల్సింది ఏమైనా మిగిలిందా?"

మాస్టారు ఆ కార్డు తీసుకుని రెండు వైపులా చూసి బల్ల మీద పెట్టారు. మర్నాడు ఉదయం పదింటికి చెప్పులు వేసుకున్నారు.

వెళ్లింది వకుళగారింటికి. ఆ ఇల్లు సుమేధకు ఫొటోల్లో తెలుసు. మాస్టారికి అన్నిటికంటే పేరు తెచ్చిన పని అది. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం పత్రికలో కూడా వచ్చింది. ముఖ్యంగా నడవా చివర ఉన్న గోడ. ఆ గోడ నిండా టేకుతో చేసిన సన్నని గూళ్లు, గూటికొక ఇత్తడి ప్రమిద, పైనుంచి మంచులా పడే వెలుగు. సుమేధ చదువుకునే రోజుల్లో ఆ ఫొటోను హాస్టల్ గదిలో మంచం పక్కన అంటించుకుంది. ఇప్పుడు దాని ఎదుట నిలబడి ఒక్కో గూడూ చూసింది.

వకుళగారి భర్త చలపతిగారు పోయి నలభై రోజులైందని ఆమెకు అక్కడికి వచ్చాకే తెలిసింది.

వకుళగారు ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. మాస్టారు గ్లాసు ముట్టుకోలేదు.

"రేపు వడ్రంగిని పంపిస్తానమ్మా" అన్నారు. "ఈ గూళ్లు పీకేయించి, ఆ పక్కనున్న స్నానాల గది తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టిస్తాను."

సుమేధ తెల్లబోయి చూసింది. వకుళగారు ఆ చూపు గమనించి, ఈ పిల్లకు సంగతి తెలియదని గ్రహించి, నెమ్మదిగా చెప్పుకొచ్చారు.

"పొద్దున్న ఏడింటికి స్నానానికి వెళ్లారమ్మా. ధబ్బుమని చప్పుడైతే వంటింట్లోంచి పరుగెత్తాను. గడియ కూడా వేసుకోలేదు. నెడితే నాలుగు వేళ్ల సందు తెరుచుకుంది, అంతే. తలుపుకి అడ్డంగా పడిపోయి ఉన్నారు. గట్టిగా నెడితే ఆయనకే తగులుతుంది. ఆ సందులోంచి ఆయన మోచెయ్యి కనిపిస్తూనే ఉంది. 'కంగారు పడకు, లేస్తాను' అన్నారు. పక్కవాళ్లు వచ్చారు. తలుపు ఊడదీద్దామంటే మడతబందులన్నీ లోపలి వైపే ఉన్నాయి. ఎవరినో పిలిపించి తలుపు కోయించేసరికి ముప్పావుగంట పట్టింది. పావుగంట దాకా నాతో మాట్లాడుతూనే ఉన్నారు. ఆసుపత్రిలో డాక్టరు, కాస్త ముందు తెచ్చి ఉంటే అని ఏదో మొదలుపెట్టాడు. మిగతాది నేను వినలేదు."

వకుళగారు మాస్టారి వైపు తిరిగారు. ఆవిడ గొంతులో కోపం లేదు. మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకుంటున్నట్టు ఉంది.

"ఇల్లు చేసేటప్పుడు వడ్రంగి అడిగాడు కదూ అన్నయ్యగారూ, తలుపు బయటికి పెడదామా అని?"

"అడిగాడమ్మా. బయటికి తెరిస్తే గూళ్లకు తగులుతుందని నేనే వద్దన్నాను."

వకుళగారు తలూపారు. "గూళ్లు తీయించొద్దు. ఆయనకు ఈ దీపాలంటే ఇష్టం. తలుపంటారా, పనివాళ్లు అదే మళ్లీ అతికించి బిగించి వెళ్లారు. నేను వేసుకోవడం మానేశాను" అన్నారు.

మాస్టారు చేతులు జోడించి లేచారు. ఆవిడ ఏమైనా చెయ్యనిస్తారని ఆశపడి వచ్చిన మనిషి, చెయ్యడానికేమీ లేకుండా మెట్లు దిగడం సుమేధ చూసింది.

ఇంటికి రాగానే ఆమె లోవరాజు ఫ్లాట్ నమూనా తెరిచింది. పోలయ్య గది. గదికి ఆనుకుని స్నానాల గది, నాలుగడుగుల వెడల్పు. పాతది ఇరుగ్గా ఉందని ఆమే గోడ జరిపించి కొత్త ద్వారబంధం పెట్టించింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. బయటికి తెరుచుకుంటే, పక్కనే నేల నుంచి కప్పు దాకా నిలబెట్టిన నిలువుటద్దాల బీరువాకు తగులుతుంది. దుర్గాభవాని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించుకునేది ఆ బీరువానే. ఆ బీరువా బొమ్మ గీసిన రోజు సుమేధ కూడా అన్నం మానేసి దాన్నే చూసుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లి ఉన్న సంగతి చెప్పింది. బీరువాను అడుగున్నర కోయించాలి, తలుపు తిప్పి పెట్టాలి అంది. పక్కకు జరిగే తలుపు పెడదామంటే గోడ చాలదు.

"అదేంటండీ, అందరి ఇళ్లలోనూ బాత్రూం తలుపులు లోపలికే కదండీ ఉంటాయి" అన్నాడు లోవరాజు. "మొన్ననే కదండీ అద్దాలు బిగించారు."

"అద్దం కోసేస్తే ఇంకేం మిగుల్తుందండీ" అంది దుర్గాభవాని. "మిమ్మల్ని పిలిచిందే దానికోసం."

పోలయ్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నా కోసం అద్దాలు పగలగొడతారేటమ్మా" అని నవ్వాడు. "గోదాట్లో ఎన్ని సుడులు చూశాను. నీళ్లగదిలో నాకేటవుద్ది."

సుమేధకు నిన్నటి నాలుగు వేళ్ల సందు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. గొంతు పెరిగింది. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పే ఓపిక పోయింది. మనిషి ప్రాణం కంటే అద్దం ఎక్కువయితే ఈ పని తనకొద్దని, తన పేరు ఎక్కడా చెప్పుకోవద్దని అనేసింది. లోవరాజు ముఖం ముడుచుకుని, "మీ ఇష్టమండి" అన్నాడు. పోలయ్య కర్ర పట్టుకుని లేవబోతూ ఏదో అంటున్నాడు. ఆమె అప్పటికే లిఫ్టు దగ్గరికి వచ్చేసింది.

మూడు వారాలు గడిచాయి. ఫోన్ నంబరు రాసుకున్న ఇద్దరూ మళ్లీ మాట్లాడలేదు. ఆ ఫ్లాట్ పని వేరే మేస్త్రీ పూర్తి చేశాడని, ఆమె గీసిన కాగితాలే ముందు పెట్టుకుని, ఒక్క అంగుళం కూడా మార్చకుండా చేశాడని వడ్రంగి ద్వారా తెలిసింది. గృహప్రవేశం కూడా అయిపోయింది. పోలయ్య ఆ గదిలోకి మారాడు.

సుమేధ మాస్టారి దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తే ఉంచింది. మొదటి పని పోయింది, ఊళ్లో తలబిరుసు పిల్లన్న పేరు వచ్చింది, అయినా తప్పుడు పనిలో నిలబడలేదు. ఆ మాట మాస్టారు అంటారని ఎదురు చూసింది.

మాస్టారు ఆమె చెప్పినదంతా విన్నారు.

"మళ్లీ వెళ్లావా?"

"లేదండి."

"నువ్వు వచ్చేస్తుంటే ఆ పెద్దాయన ఏదో అన్నాడన్నావు. ఏమన్నాడు?"

సుమేధ జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించింది. కర్ర నేలకు తగిలిన చప్పుడు గుర్తుంది. మాట గుర్తు లేదు. ఎందుకంటే వినలేదు.

"తెలియదండి" అంది.

మాస్టారు ఆమె వైపు చూశారు. ఆ చూపులో మందలింపు లేదు, ఓదార్పూ లేదు.

"నువ్వు బయటికి వచ్చేశావమ్మా. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు" అన్నారు.