నూకాలు పన్నెండు దారాల చట్టం

వాన చెప్పిన రోజుకి వచ్చి, చెప్పిన రోజుకి వెళ్ళిపోయే కాలం అది. ఏరులకి ఇంకా వంతెనల బరువు తెలియని కాలం. ఆ కాలంలో ఒక ఏటి మలుపులో నల్లమడుగు అనే పల్లె ఉండేదట.

పల్లె పక్కనే మడుగు. మడుగు నిండా ఎప్పుడో వరదకి కొట్టుకొచ్చి మునిగిన చెట్లు. వల వేస్తే వల చిరిగేది. అందుకని ఆ ఊళ్ళో అందరూ గాలం వేసేవాళ్ళే. వెదురు గడ, గడ చివర తాడు, తాడు చివర గాలం. అంతే వాళ్ళ ఆస్తి.

తొలకరి తర్వాత ఏటికి ఎర్రనీరు వచ్చేది. ఎర్రనీటితో పాటు దూలాల్లాంటి వాలుగ చేపలు ఎదురీదుకుంటూ మడుగులోకి వచ్చేవి. నాలుగు వాలుగలు పడ్డాయంటే, ఉప్పు రాసి ఎండబెట్టుకుని ఊరంతా వేసవి దాకా తినేది.

అయితే ఒక ఏడు గట్టు మీది వెదురు పొద పూత పూసింది. పూత పూసిన వెదురు బతకదు కదా! పొదంతా ఎండిపోయింది. కొత్తగా మొలిచిన వెదురు సన్నం, పీల. వాలుగ లాగిందంటే ఆ గడలు నిలువునా చీలిపోయేవి. గడ ఫట్‌మనేది. చేప పోయేది. పొయ్యి చల్లబడేది. అలా రెండేళ్ళు గడిచాయి.

మూడో ఏడు పెద్దలు కూర్చున్నారు. ఊరి పెద్ద పైడయ్య తేల్చి చెప్పేశాడు. "ఈ ఏడు మూడు ఎర్రనీళ్ళొస్తాయి. మూడోదానికీ చేప పడకపోతే మూటలు కట్టుకుని ఎలిపోదాం. ఆకలికి సొంతూరేటి, పరాయి ఊరేటి?"

ఆ మాట విన్నవాళ్ళలో నూకాలు ఒకతె. మొగుడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. నలుగురి గడలకీ చీలకుండా దారం చుట్టిపెట్టి, వాళ్ళు పెట్టింది తిని బతికేది. ఇంట్లో ఆమెకున్నది ఒక్క అత్త గౌరమ్మ. గౌరమ్మకి రెండు కళ్ళూ కనపడవు.

నూకాలు ఇంటికొచ్చి చెప్పింది. గౌరమ్మ చేత్తో గడప తడిమింది. తర్వాత అంది. "ఈ ఊళ్ళో నాను గుడ్డిదాన్ని కాదే. ఏ గడప ఎంతెత్తో నా కాలికి తెలుసు. ఏ రాయి కాడ ఏరు వంపు తిరుగుతాదో నా చెవికి తెలుసు. ఈ ఊరు దాటిన్నాడు నాను గుడ్డిదాన్నయిపోతాను."

నూకాలు ఆ పూట దారపు ఉండలు ముందేసుకుని కూర్చుంది. ఊరు కదలకూడదు. ఊరు కదలకుండా ఉండాలంటే గడ చీలకూడదు. గడ చీలకుండా ఉండాలంటే తన దారమే గట్టిగా నిలవాలి.

అప్పటిదాకా ఒక్క దారాన్ని గడకి గుండ్రంగా చుట్టేవాళ్ళు. ఒక్కచోట తెగితే చుట్టంతా ఊడిపోయేది. నూకాలు వేరేగా ఆలోచించింది. పన్నెండు దారాలు పక్కపక్కనే పట్టి, చాపలా ఒకదాని కిందనుంచి ఒకటి పోనిచ్చి, గడ మీదే అల్లితే? ఒకటి తెగినా పదకొండు పట్టుకుంటాయి. కానీ పన్నెండు దారాల్నీ ఒకే బిగువున పట్టడానికి రెండు చేతులు చాలవు. దారాలు దూరడానికి పళ్ళున్న చట్టం ఒకటి కావాలి.

చట్టం సరే. పళ్ళు దేనితో?

"ఇనుముని మించింది ఏటుంది?" అనుకుంది. కమ్మరిని బతిమాలి పదమూడు మేకులు తెచ్చి ఒక బద్దకి వరసగా దిగ్గొట్టింది. తుమ్మజిగురులో తడిపిన దారాలు వాటి మధ్య నుంచి లాగి పైడయ్య గడ మీద మూడు రోజులు అల్లింది. అల్లిక పాము చర్మంలా మెరిసింది. ఊరంతా వచ్చి చూసింది.

మొదటి ఎర్రనీరు వచ్చింది. పైడయ్య గడకి వాలుగ తగిలింది. గడ ఫట్‌మంది. చేప పోయింది. పొయ్యి చల్లగానే ఉంది.

నూకాలు విరిగిన గడ ఒళ్ళో పెట్టుకుని అల్లిక విప్పింది. మేకులు తగిలిన చోటల్లా దారం మీద గోధుమరంగు మచ్చ. మచ్చ ఉన్నచోటల్లా దారం పుటుక్కున తెగుతోంది. తడికి ఇనుము తుప్పుపట్టింది. తుప్పు దారాన్ని తినేసింది.

"గట్టిదే కావాలనుకున్నాను. తడికి తట్టుకునేదా కాదా అని అడగలేదు," అనుకుంది.

ఈసారి చింతచేవ చెక్క తెచ్చింది. చింతచేవకి తుప్పు పట్టదు కదా! కత్తితో సన్నగా పళ్ళు చెక్కింది. మళ్ళీ మూడు రోజులు అల్లింది. ఆ మూడు రోజులూ ముసురు పట్టి వదల్లేదు.

రెండో ఎర్రనీరు వచ్చింది. వాలుగ తగిలింది. గడ ఫట్‌మంది. చేప పోయింది. ఈసారి చీలిన వెదురు పైడయ్య అరచెయ్యి కూడా కోసింది.

"ఒలే నూకాలా!" అని అరిచాడు పైడయ్య, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "నీ అల్లికలు సూసుకుని మురవడానికి బాగున్నాయే. సేప మాత్రం మురవటం నేదు."

అందరూ నవ్వారు. నూకాలు తలొంచుకుని విరిగిన గడ ఏరుకుని ఇంటికి పోయింది. విప్పి చూస్తే తప్పు తెలిసింది. ముసురుకి చెక్క ఉబ్బింది. కొన్ని సందులు ఇరుకయ్యాయి, కొన్ని అలాగే ఉన్నాయి. పన్నెండులో నాలుగు దారాలు బిగిశాయి, ఎనిమిది వదులుగా ఉండిపోయాయి. పన్నెండు మంది ఎత్తాల్సిన దూలాన్ని నలుగురి భుజాన పెట్టినట్టయింది.

ఇంక మిగిలింది ఒక్క ఎర్రనీరు. ఊళ్ళో కుండలు తట్టల్లోకి ఎక్కుతున్నాయి. నులక మంచాలు విప్పి చుట్టేస్తున్నారు. నూకాలు కూడా మూట పరిచింది గానీ అందులో ఏదీ పెట్టలేకపోయింది. గడపలో కూలబడి ఏడ్చింది.

గౌరమ్మ పక్కనే కూర్చుని తల దువ్వుకుంటోంది. "ఏటే, ఏటయింది? దారమేనా?"

"దారమే అత్తా. గట్టిదాన్ని తెత్తే తుప్పు. తుప్పు పట్టందాన్ని తెత్తే ఉబ్బు. దారాన్ని తినకుండా, తడికి ఉబ్బకుండా, పళ్ళు పళ్ళుగా నిలిచేది ఈ లోకంలో నేదు."

గౌరమ్మ చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది. "నేదా? మరి నా నెత్తి మీదున్నదేటే?"

నూకాలు తలెత్తింది.

"దున్నపోతు కొమ్ము దువ్వెన. నా పెళ్ళినాటిది. తడి తలే దువ్వుకున్నాను, నూనె తలే దువ్వుకున్నాను. ఉబ్బిందేటి? తుప్పట్టిందేటి? ఇన్నేళ్ళకీ ఒక్క ఎంట్రుక తెంచనేదు. ఎంట్రుకనే తెంచంది దారాన్ని తెంచుతాదా?"

నూకాలు దువ్వెన తీసుకుని వేలితో తడిమింది. అరిగి అరిగి పళ్ళు ఏటిరాళ్ళలా నున్నగా ఉన్నాయి. అక్కడక్కడ విరిగినవి పోగా వరసగా పన్నెండు సందులు మిగిలే ఉన్నాయి.

"మరి నీ తల ఎలా దువ్వుతావు అత్తా?"

"సేతికి ఏళ్ళు నేవేటి? పదున్నాయి. బేగి పో!"

నూకాలు దువ్వెనని బద్దకి కట్టింది. మూడు రోజులు అల్లింది. ఆ మూడు రోజులూ ముసురే. అయినా పన్నెండు దారాలూ పన్నెండు అన్నదమ్ముల్లా ఒకే బిగువున కూర్చున్నాయి.

గడ పట్టుకుని గట్టుకి వెళ్తే పైడయ్య ఎగాదిగా చూశాడు. "దువ్వెనతో అల్లినావంట. సేపకి జడేత్తావేటే?"

"ముందు పట్టు మావా. దానికి జడ కావాలో పూలు కావాలో తర్వాత అడుగుదాం."

నవ్వు వచ్చినా పైడయ్య నవ్వలేదు. ఇంకో గడ ఉంటే అదే పట్టేవాడు. లేదు కాబట్టి, కోసుకున్న చేత్తోనే దీన్ని పట్టాడు.

మూడో ఎర్రనీరు వచ్చింది. వాలుగ తగిలింది. గడ వంగింది. వంగి వంగి నీళ్ళని ముద్దాడింది. ఊరంతా ఆ ఫట్‌మనే చప్పుడు కోసం చూసింది. గడ కిర్రుమంది. దారాలు జుంయ్‌మన్నాయి. చప్పుడు మాత్రం రాలేదు.

"పట్టండ్రా!" అని పైడయ్య కేక. నలుగురు నీళ్ళలోకి దూకారు. ఒక వాలుగ గట్టెక్కింది. సాయంత్రానికి అదే గడతో మూడు గట్టెక్కాయి. ఆ పొద్దు ఏ పొయ్యీ చల్లగా లేదు. కట్టిన మూటలు ఎవరికి వాళ్ళే విప్పుకున్నారు.

పైడయ్య గౌరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పిన్నమ్మా, నీ దువ్వెన..."

"ఉంచుకోండ్రా. నాకు ఊరు మిగిలింది సాలు."

అయితే ఒక్క దువ్వెన ఊరంతటికీ చాలదు. పైడయ్య చచ్చిన దున్నల కొమ్ములు తెచ్చి పడేశాడు. నూకాలు పళ్ళు కోసింది. కొత్త కొమ్ము కొత్త కొమ్మే. రంపపు గరుకు కంటికి కనపడదు గానీ దారాన్ని గీరేది. గరుకాకుతో రుద్దింది, బూడిదతో తోమింది. ఇంక చాలో, ఇంకా రుద్దాలో ఎలా తెలుస్తుంది? అత్త మాట గుర్తొచ్చింది. తన తలలోంచి ఒక వెంట్రుక పీకి, ప్రతి పంటి సందులోనూ మూడుసార్లు లాగింది. వెంట్రుక తెగిందా, మళ్ళీ రుద్దేది. తెగకుండా వచ్చిందా, అప్పుడే దారం ముట్టేది.

గౌరమ్మ ఆ ఊళ్ళోనే, తనకు తెలిసిన గడపల మధ్యనే కన్నుమూసింది. చాలా ఏళ్ళకి నూకాలూ పోయింది. పోయేనాటికి ఆమె జుట్టు వెన్నెల్లా తెల్లబడిందట. అప్పటికి నల్లమడుగు మగపిల్లలకీ ఆడపిల్లలకీ అందరికీ ఆమె పని వచ్చు.

ఆ ఏటి వెంట గడలు కట్టేవాళ్ళు ఈనాటికీ కొత్త చట్టం చేస్తే ముందు దారం ఎక్కించరు. తలలోంచి ఒక వెంట్రుక పీకి మూడుసార్లు లాగుతారు. పక్కవాడు, "నూకాలు ఒప్పుకుందా?" అని అడుగుతాడు. వెంట్రుక తెగకుండా వస్తే, "ఒప్పుకుంది," అని దారం అందుకుంటారు. తెగితే ఎవరూ విసుక్కోరు. మళ్ళీ గరుకాకు తీసుకుంటారు.

బట్టతల వాళ్ళకి మాత్రం కష్టమే. వాళ్ళు వెంట్రుక కోసం పెళ్ళాన్ని బతిమాలుకోవాలి. ఆవిడ ఊరికే ఇవ్వదు. "ముందు చట్టానికి కట్టుకున్న నా దువ్వెన నాకిచ్చెయ్యి," అంటుంది.