కోసిన పానా

పైడయ్య మేస్త్రి దగ్గర పదేళ్లు పని చేసినా గౌరీసుకి ఒక సందేహం తీరలేదు. "గురువుగారూ, పాత స్పోర్ట్స్ కారుతో కంపెనీవాడిచ్చిన పానాల సంచి అసలుదో నకిలీదో తేల్చాలంటే ముందు దేన్ని చూడాలి? ఇనుమునా, ముద్రనా, గుడ్డనా?" అని ఒకనాడు అడిగాడు. విజయనగరంలో ఆ విద్య తెలిసినవాడు మేస్త్రి ఒక్కడే. అయితే అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఆయన అలవాటు కాదు. "ముందు చేతిలో పని కానీ" అన్నాడు.

ఆ మధ్యాహ్నం జగపతిరాజు గారు తండ్రినాటి రెండు సీట్ల విలాయతీ కారులో వచ్చి దిగారు. నడిపినవాడు బంగారునాయుడు. ముప్పై ఏళ్లుగా ఆ కారుకి డ్రైవరూ వైద్యుడూ అతనే. రాజుగారు రెండు సంచులు బల్లమీద పడేశారు. ఒకటి మొదట్నుంచీ కారులో ఉన్నది, రెండోది ఆయన పోయిన నెల పట్నంలో కొన్నది.

"చూడు మేస్త్రీ! పట్నం సంచి కంపెనీ పుస్తకంలో బొమ్మకి అచ్చుగుద్దినట్టుంది. మన సంచిలో ఒక పానా సగమే ఉంది. ఈ మహానుభావుడు మా నాన్నగారి పానాలు అమ్ముకుని తుక్కు తెచ్చి పెట్టాడు. నువ్వు అవునన్నావంటే ఇటునుంచి ఇటే పోలీస్ స్టేషనుకి."

 బంగారునాయుడి భుజం మీది తువ్వాలు అతని పిడికిట్లో నలుగుతోంది.

మేస్త్రి రెండు సంచులూ విప్పాడు. పట్నం పానాలు ఎనిమిదీ ఒకేలా తుప్పుపట్టి ఉన్నాయి. వాటిని తీసి చూస్తే కింద గుడ్డ మీద మరక లేదు. కారు సంచి అలా లేదు. ఒక పానా నోరు అరిగి వెడల్పయింది, ఇంకొకదాని మీద కంపెనీ రంగు ఇంకా పోలేదు. ప్రతి పానా కిందా గుడ్డ మీద దాని ఆకారంలోనే నూనె మరక నల్లగా దిగింది. సగం పానా కింద మాత్రం నిండు పానా మరకే ఉంది.

"ఉప్పునీళ్లలో ముంచితే అన్నీ ఒక్కరోజే ముసిలివైపోతాయి బాబూ. పని చేసినవి అలా అవవు" అంటూ మేస్త్రి కారు బానెట్ ఎత్తాడు. కార్బురేటర్ వెనక బోల్టుకి పట్నం పానా తగిలించి తిప్పబోయాడు. దాని తోక పక్కనున్న గొట్టానికి కొట్టుకుని ఆగిపోయింది. సగం పానా పెట్టాడు. సులువుగా తిరిగింది. రంపంతో కోసిన దాని అంచు దగ్గర, సగంలో ఆగిన కంపెనీ ముద్ర కనిపించింది.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "సరేలే, పొరపాటు. కానీ వచ్చే వారం పాత కార్ల ప్రదర్శనలో ఆ పుస్తకం చూసే మార్కులేస్తారు. పట్నం సంచే అసలుదని ఒక చీటీ రాసియ్యి."

మేస్త్రి మొహం జేవురించింది. "ఇంతసేపూ ఆణ్ణి దొంగన్నారు. ఇప్పుడు నన్ను దొంగని చేత్తన్నారా? పట్టుకుపొండి మీ సరుకు!"

బంగారునాయుడు పాత సంచి చుట్టి కారులో దాని చోట పెట్టాడు. తాళంచెవి బానెట్ మీద ఉంచాడు. "ఆ ఎనకాల బోల్టు వారానికోసారి బిగించాల బాబూ. మరిసిపోకండి" అని చెప్పి, కాలినడకన వెళ్లిపోయాడు. కారు తోలడం రాని రాజుగారు రోడ్డు మీదకి నడిచి రిక్షా కోసం నిలబడ్డారు.

"మొత్తానికి నాయుడి పరువు నిలబెట్టినాం గురువుగారూ!" అన్నాడు గౌరీసు సంబరంగా.

మేస్త్రి అతనివంక మండిపడుతూ చూశాడు.

"ఇనుమునడిగినాం, గుడ్డనడిగినాం. ఎదురుగా నిలబడ్డోణ్ణి 'ఏటైంది నాయుడూ' అని నువ్వడిగినావా? నానడిగినానా?"