నుదుటి మీది నీలం

"మస్తాన్‌వలీని దేవుడి వేషం నుంచి తప్పించమంటారా, గురువుగారూ?" అని అడిగాడు శేషాచలం, నాటకానికి గంట ముందు.

పాత పద్యనాటకాన్ని కొత్త నటులతో ఆడించాలని ఈ నాటక సమాజం కట్టినవాడు అతనే. పద్యం పాడితే మస్తాన్ తర్వాతే ఎవరైనా అని అతనికీ తెలుసు. అయినా, సంగతి బయటపడితే ఊరివాళ్లు తెర చింపేస్తారని భయం. ఇన్నేళ్లూ మస్తాన్‌ని భటుడి వేషంలో ఈటె పట్టించి ద్వారం దగ్గర నిలబెట్టినప్పుడు మాత్రం ఎవరికీ ఏ బాధా లేదు. తలుచుకుంటే హార్మోనియం వాయించే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాకు నాటకం నేర్పిన భుజంగరావు మాస్టారు ఆ మాట వింటూనే రంగుల పెట్టె తెరిచారు. నీలం రంగు కలిపి, మస్తాన్ మొహానికీ చేతులకూ తనే పూసి, కిరీటం కట్టారు.

మా వైపు ఒక ఆచారం ఉంది. దేవుడి వేషానికి కిరీటం కట్టాక, అది దించేదాకా ఆ మనిషిని పేరు పెట్టి పిలవరు. ఊళ్లోవాళ్లు పిల్లల్ని తెచ్చి దీవించమంటారు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది ఉత్సవ కమిటీ పెద్ద వీరభద్రయ్య. జ్వరంతో మూలుగుతున్న మనవణ్ణి వేషం కాళ్ల దగ్గర పడుకోబెట్టి, "స్వామీ, వీణ్ణి నాకు దక్కించు" అని అంతటి మనిషీ బావురుమన్నాడు. మస్తాన్ వంగి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. రంగు ఇంకా ఆరలేదు, నుదుటికి అంటింది.

కంగారులో శేషాచలం నోరు జారాడు. "మస్తాన్, కిరీటం ఒరుగుతోంది, చూసుకో!"

వీరభద్రయ్య బిడ్డను లాక్కుని దిగ్గున లేచాడు. "సాయిబుకా దేవుడి వేషం? ముందు ఆ రంగు కడిగించండి. లేదా మూటాముల్లె సర్దుకోండి."

మాస్టారు నీళ్ల చెంబు ఆయన ముందుకు చాచారు.

"అలాగే కడిగిద్దాం. ముందు మీ మనవడి నుదుటి మీది రంగు కడగండి."

వీరభద్రయ్య చెంబు వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు. ఎక్కడ నీళ్లు పడతాయోనని ఆ నుదుటిని అరచేత్తో కప్పి, బయటికి వెళ్లిపోయాడు.

"మరి వేషం సంగతి, గురువుగారూ?" అన్నాడు శేషాచలం.

మాస్టారు చెంబులో నీళ్లు నేల మీద పారబోశారు.

"ఆయన కడగలేనిది నన్ను కడగమంటావా? వెళ్లి తెర లేపు."