ఎండకు పట్టిన బోణీ

వరదాచార్యులు గారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతికి సంచి ఇచ్చి సంతకు పదమంటారు. వేదాంతం కోసం ఆయన దగ్గర చేరినవాళ్ళకి ముందుగా వంకాయల ధరలు కంఠతా వచ్చేవి!

ఒక సోమవారం పొద్దున్నే నరహరి అనే శిష్యుడు అడిగాడు. "గురువుగారూ, మీరు చెప్పిన మాటను పరీక్షించి చూడాలనుకుంటే అపరాధమా? పరీక్ష పెట్టిన చోట భక్తి నిలుస్తుందా?" రెండేళ్ళుగా లోపల నలుగుతున్న మాట అది. అడిగేసరికి పాపం చెమటలు పట్టాయి. ఆచార్యులవారు సంచి అందించి, తామూ వెంట బయల్దేరారు.

సంత మొదట్లోనే వెదురు బుట్టలమ్మే సన్యాసమ్మ దిగాలుగా కూర్చుని ఉంది. గడిచిన రెండు సంతల్లోనూ ఎవడో బోణీకి దొంగ ఐదువందల నోటిచ్చి, బుట్టా చిల్లరా పట్టుకుపోయాడట. ఇంకొక్కటి తగిలితే వెదురు కొనడానికి డబ్బుండదు, చాప చుట్టేసుకోవడమే.

"మరి నోటు చూసుకోవద్దూ?" అన్నాడు నరహరి.

"బోణీ డబ్బుని అనుమానించకూడదు బావూ. లచ్చిమి అలుగుద్ది. కళ్ళు మూసుకుని అద్దుకోడవే."

నరహరికి జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. వెలుతురుకు పట్టి చూస్తే తెల్లని జాగాలో గాంధీ బొమ్మ కనబడాలనీ, వాల్చి చూస్తే ఆకుపచ్చ దారం నీలంలోకి తిరగాలనీ, అంచున గీతలు వేలికి తగలాలనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. బోణీ వేళ ఇవేం మాటలని ఆమె చెవులు మూసుకుంది.

ఆచార్యులవారు మాత్రం ఒక్కటే అడిగారు. "లక్ష్మి గుమ్మంలోకి వస్తే దీపం ఎత్తి మొహం చూస్తావా అమ్మా, కళ్ళు మూసుకుంటావా?"

సన్యాసమ్మ చెవుల మీంచి చేతులు తీసింది.

అంతలో నల్ల కళ్ళద్దాల ఆసామి ఒకడు వచ్చి, ఎనభై రూపాయల బుట్ట తీసుకుని ఐదువందల నోటు చాపాడు. "బోణీ చేస్తున్నానవ్వా, నా చెయ్యి మంచిది. కళ్ళకద్దుకో" అన్నాడు. ఆమె చేతులు కళ్ళదాకా వెళ్ళి ఆగిపోయాయి. ఆమె నోటును రెండు చేతులా పైకెత్తి సూర్యుడికి చూపించింది.

"సూర్నారాయణా! ఇందులో గాంధీతాత లేడేటి!"

ఆ కేకకు సంతంతా ఇటు తిరిగింది. "పొరపాటవ్వా, ఇటిచ్చెయ్, వేరేది ఇస్తా" అంటూ ఆసామి చెయ్యి చాపాడు. "నీకెందుకిత్తాను? ఠాణాలో ఇత్తాను!" అని ఆమె నోటును కొంగున ముడేసుకుంది. పారిపోబోయినవాణ్ణి పక్కన కుండలమ్మే గౌరేసు చొక్కా పట్టుకుని ఆపి, సంత కాపలా కానిస్టేబులుకు అప్పగించాడు. ఇక చూడాలి సంబరం! ఉల్లిపాయలవాళ్ళు, మిరపకాయలవాళ్ళు, గాజులవాళ్ళు, అందరూ తమ నోట్లు ఎండకెత్తి, "ఉన్నాడు, మా తాత ఉన్నాడు!" అని ఒకటే కేరింతలు. సన్యాసమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చాప చుట్టే పని తప్పింది మరి.

అసలు బోణీ ఆచార్యులవారు చేశారు. వంద నోటిచ్చి బుట్ట అడిగారు. ఆమె దాన్నీ ఎండకు పట్టింది. అటు తిప్పి, ఇటు వాల్చి, అంచు తడిమి మరీ చూసింది. నరహరి మొహం కందగడ్డ అయింది.

"గురువుగారి నోటుని కూడానా!"

ఆమె వినిపించుకుంటేగా! చూడవలసిందంతా చూశాక, ఆ నోటును కళ్ళకద్దుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు, ఎంతో ప్రేమగా. బుట్టలన్నిటి మీదా తిప్పి చాపకింద పెట్టుకుంది.

ఆచార్యులవారు పసిపిల్లాడిలా మురిసిపోయారు. బుట్ట చంకనేసుకుని శిష్యుడి వైపు తిరిగారు.

"మరి నువ్వు నన్నెప్పుడు ఎండకు పడతావు నాయనా?"