వంకులయ్య పురుడు

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడచెట్ల పక్కన, లోతులేని నీళ్ళలో గడ్డి పెరిగే మేట ఒకటుంది. ఒకప్పుడు ఆ గడ్డినిండా సముద్రపు గుర్రాలే. గుర్రాలనగానే పరుగులు తీస్తాయనుకునేరు. ఈతలో అంత చేతకానివాళ్ళు ఆ మొగలో మరొకరు లేరు. తోకతో గడ్డిపోచని చుట్టుకుని వేలాడ్డమే వాటి బతుకు. పడవల లంగర్లు ఆ గడ్డిని పెళ్ళగించేసరికి పట్టుకోను పోచ లేక ఆటుపోటుల్లో కొట్టుకుపోయాయి. చివరికి మిగిలింది ఒక్క జంట, వంకులయ్యా చుక్కలమ్మా.

ఈమధ్య జాలర్లు తమలో తాము మాట్లాడుకుని, మేట చుట్టూ వెదురుగెడలు పాతి, అక్కడ లంగరు వేయడం మానేశారు. గడ్డి మళ్ళీ ఒత్తుగా లేచింది. ఇక పిల్లలు పుట్టాలి, బతకాలి. ఈసారి కూడా పోతే ఆ మొగలో సముద్రపు గుర్రం అన్నదే ఉండదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పకపోతే కథ నడవదు. వీళ్ళలో గుడ్లు పెట్టేది ఆడది, కడుపు మోసేది మగాడు. చుక్కలమ్మ గుడ్లన్నీ వంకులయ్య పొట్టమీది సంచిలో పెట్టేసి హాయిగా తిరుగుతోంది. ఆయనేమో ఆయాసపడుతూ పోచకి వేలాడుతున్నాడు. రోజూ తెల్లారగానే ఆవిడ వచ్చి "ఎలా ఉందండీ?" అని అడుగుతుంది. ఇద్దరూ తోకలు పెనవేసుకుని నాలుగు చుట్లు తిరుగుతారు. ఆ తరవాతే ఎవరి తిండి వాళ్ళది.

మడచెట్టు వేళ్ళ కింద గుంటలో గండయ్య అనే పెద్ద పీత ఉండేవాడు. డెక్కలు చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఆయనకున్న రోగం ఒక్కటే, ఎవరి మాటా చివరిదాకా వినడు. ఒకరోజు బురదలో గెంతే చేప బుచ్చెమ్మ వచ్చి కబురు చెప్పింది.

"గండన్నా, విన్నావా? చుక్కలమ్మ ఇంట్లో కడుపు పండింది. కాకపోతే వాళ్ళ ఇంటి పద్ధతి..."

"పద్ధతులు నాకు చెప్పకు. పోయినసారి వాళ్ళ పిల్లలు నీళ్ళమీద తేలుతుంటే దొరికినన్ని నేనే తిన్నాను. ఆ కమ్మదనం ఇంకా నోట్లోనే ఉంది."

"అది కాదన్నా, కనేది..."

"నాకు తెలుసులేవే" అని గండయ్య బయల్దేరాడు.

మేట దగ్గరికి వచ్చి, గొంతులో బెల్లం కలుపుకుని పిలిచాడు. "అమ్మాయ్ చుక్కలూ, శుభవార్త విన్నాను. నీకు పుట్టినిల్లు లేదాయె. పురుడు పుట్టింట్లో జరగాలి కదా? ఇకనించీ నేనే నీ మేనమామని. మా ఇంటికి వచ్చెయ్." అంటూనే వంకులయ్యని ఎగాదిగా చూశాడు. "అల్లుడికేంటి, ఇంత బొజ్జ వచ్చింది?"

"తిని కూర్చుంటున్నానండి మావయ్యగారూ. ఒళ్ళు చేసింది" అన్నాడు వంకులయ్య.

చుక్కలమ్మ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళింది. "నేను వెళ్తానండీ."

"మతిపోయిందా? వాడు నిన్ను నమిలేస్తాడు."

"పిల్లలు బయటికి వచ్చేదాకా నన్ను ముట్టుకోడు. వాడి కళ్ళు నామీద ఉన్నంతసేపూ మీమీద ఉండవు. వాడు ఇక్కడే కాపు కాస్తే మనకి ఏమీ మిగలదు."

వంకులయ్య కళ్ళు రెండూ రెండు దిక్కులకి తిరిగాయి, బెంగ పుడితే వాళ్ళకి అలాగే అవుతుంది. "నువ్వు లేకపోతే పొద్దున్నే ఎవరితో తిరగను?" అన్నాడు.

"నాలుగు రోజులు ఒక్కరే తిరగండి" అని ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

గండయ్య గుంటలో ఒక వేరుకి తోక చుట్టుకుని కూర్చున్న దగ్గర్నించీ చుక్కలమ్మ నోరు ఆగలేదు.

"మావయ్యా, రొయ్యపిల్లలు."

"ఇందాకే తెచ్చాను కదమ్మా."

"మాకు తిన్నది నిలవ ఉండే పొట్ట లేదు. పొద్దస్తమానం తింటూనే ఉండాలి. నేను చిక్కితే పిల్లలూ చిక్కిపోతారు, నీ ఇష్టం."

పిల్లలు చిక్కిపోతారంటే గండయ్య ప్రాణం విలవిల్లాడింది. అంతంత డెక్కలతో కంటికి ఆనని రొయ్యపిల్లల్ని పట్టడం మాటలా? ఒకటి దొరికితే పది జారిపోతున్నాయి. తను తినడానికి తీరికే చిక్కలేదు. ఆవిడేమో మూతి చాపి ఒక్క పీల్పుతో లోపలికి లాగేసి, మళ్ళీ "మావయ్యా" అంటోంది.

రెండోరోజు ఆవిడ ఇంకో మాట అంది. "పుట్టిన పిల్లలు గడ్డి వైపే పోతారు మావయ్యా. అక్కడ వేరే పీతలుంటే?"

గండయ్య అదిరిపడ్డాడు. వెంటనే పీతలందరికీ కబురంపాడు. మేటలో ఏ పీతైనా కాలుపెడితే ఆ కాలు తెగ్గొట్టమని చెప్పి, ఇద్దరు మేనల్లుళ్ళని కాపలా పెట్టాడు.

పదోరోజు పొద్దున్న బుచ్చెమ్మ గెంతుకుంటూ వచ్చింది. "గండన్నా, పురుడైపోయింది. మేటనిండా పిల్లలే."

"ఎవరికే పురుడు? ఈవిడ ఇక్కడుంటే?"

"వంకులయ్యకి. ఆ రోజు అదే చెప్పబోయాను, నువ్వు విన్నావా?"

గండయ్య చుక్కలమ్మ వైపు తిరిగాడు. పది రోజులుగా తింటూనే ఉంది, ఆవిడ నడుము మాత్రం గడ్డిపోచలాగే ఉంది. "మా ఇంట్లో మగాళ్ళే కంటారు మావయ్యా. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అంది ఆవిడ తాపీగా.

గండయ్య ఆవిడ సంగతే మరిచిపోయి మేటకి పరిగెత్తాడు. మేనల్లుళ్ళు అడ్డం నిలబడ్డారు.

"కాలుపెడితే తెగ్గొడతాం."

"నేను మీ మావయ్యనిరా."

"అందుకే ఆపుతున్నాం. ఒక్కడివే తిందామనే కదా మమ్మల్ని రానివ్వకుండా ఇక్కడ నిలబెట్టావు?"

తిండిలేక నీరసించిన గండయ్య ఒక్కడు, వాళ్ళు ఇద్దరు. డెక్కలు కలిశాయి. వాళ్ళ కొట్లాటకి బురద లేచి నీళ్ళన్నీ మసకబారాయి. ఆ మసకలో చుక్కలమ్మ వేరు వదిలేసి, పోటు నీటిమీద తేలుతూ ఇల్లు చేరింది.

మేటలో ప్రతి పోచకీ వెంట్రుకంత తోక ఒకటి చుట్టుకుని ఉంది. పోచ దొరకని పిల్లలు ఒకరి తోక ఒకరు పట్టుకున్నారు. వంకులయ్య సంచి ఖాళీ అయి, అలసిపోయి, ఆనందం పట్టలేక ఊగుతున్నాడు. చుక్కలమ్మకి కళ్ళు చెమర్చాయి.

అటు మేనల్లుళ్ళు విరిగిన కాళ్ళతో తమ దారి పట్టారు, గండయ్య ఒక డెక్క పోగొట్టుకుని గుంటలోకి దేకుతూ వెళ్ళాడు. పది రోజులు తను ఎవరిని మేపాడో, ఎవరికి కాపలా పెట్టాడో తలుచుకుంటుంటే ఆకలి ఇంకా మండింది.

ఎదుటివాళ్ళ మాట సగంలో తుంచి అంతా తెలుసనుకునేవాడు, తెలియకుండానే వాళ్ళకి చాకిరీ చేస్తాడు.