బియ్యపుగింజంత పేస్టు

ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లిసంబంధాలు కుదిర్చేవాడు. కుదిర్చాక కూడా ఆ జంటల్ని వదిలేవాడు కాదు. వాళ్ల మధ్య ఏ చిన్న మాట వచ్చినా వెళ్లి నడుమ కూర్చునేవాడు. తాను లేకపోతే సగం కాపురాలు నిలబడవని ఆయన నమ్మకం.

ఎండలు ముదిరాక ఆయన కంప్యూటరు మాటిమాటికీ ఆగిపోసాగింది. ఫొటో తెరిస్తే ఆగేది, జాతకం తెరిస్తే ఆగేది. లోపల ప్రాసెసర్ వేడెక్కుతోందన్నారు చూసినవాళ్లు. దానికీ, దాని వేడిని లాగేసే లోహపు దిమ్మకీ మధ్య రాసిన పేస్టు ఎండిపోయిందట.

ఆయన కొత్త పేస్టు కొనుక్కొచ్చాడు. బియ్యపుగింజంత చాలని ట్యూబు మీద రాసి ఉంది.

“పిసినారి మాట,” అన్నాడు పెద్దమనిషి. “మధ్యలో ఉండేది ఎంత దండిగా ఉంటే అంత మంచిది.”

“మీ ఇష్టం,” అంది భార్య.

పాతదాన్ని తుడవకుండానే సగం ట్యూబు పిండి, దోసె మీద వెన్న రాసినట్టు రాశాడు. దిమ్మ బిగించేసరికి పేస్టు నాలుగు పక్కలా పొంగి బయటికొచ్చింది. కంప్యూటరు ఇదివరకటికంటే తొందరగా ఆగిపోయింది. చాల్లేదేమోనని ఇంకా పెట్టాడు. ఈసారి అది ఆన్ అవుతూనే ఆగిపోయింది.

దిమ్మ మళ్లీ విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచినకొద్దీ వస్తూనే ఉంది. వేళ్లకీ, లుంగీకీ, చివరికి కళ్లజోడుకీ బూడిదరంగు అంటింది. అడుగున లోహం బయటపడ్డాక వెలుతురులో పెట్టి చూశాడు. నున్నటి ఆ రెండు ముఖాలూ ఎలాగూ ఒకదాన్నొకటి తాకేవే. కంటికి ఆనని సందులు నింపడమే పేస్టు పని. అంతకుమించితే అదే అడ్డుగోడ.

ట్యూబు అడుగున మిగిలినదాన్ని నొక్కితే గింజంత వచ్చింది. అదే పెట్టి బిగించాడు. కంప్యూటరు సాయంత్రందాకా ఆగకుండా నడిచింది.

“ఇన్నాళ్లకి ఒక సంగతి తెలిసింది,” అన్నాడు భార్యతో. “నడుమ ఉన్నవాడు పలచగా ఉండాలి.”

అప్పుడే పైవాటాలో గొంతులు లేచాయి. అక్కడ కాపురముంటున్న జంటని కలిపింది ఆయనే. అమ్మాయి పుట్టింటికి పోతానని పెట్టె సర్దుతోంది. అబ్బాయి పొమ్మంటున్నాడు. పెద్దమనిషి చేతులైనా కడుక్కోకుండా మెట్లెక్కాడు.

“కూర్చోండమ్మా. ఇవాళ ఎక్కువ మాట్లాడనమ్మా,” అని మొదలుపెట్టాడు.

లోహం గురించి చెప్పాడు, సందుల గురించి చెప్పాడు, గింజ గురించి చెప్పాడు. తక్కువ మాట్లాడడంలో ఉన్న గొప్పతనాన్ని బాగా చీకటిపడేదాకా వివరించాడు. అమ్మాయి అబ్బాయి వైపు చూసింది. అబ్బాయి అమ్మాయి వైపు చూశాడు. ఆ రోజు వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం అదే మొదలు.

“బాబాయ్ గారూ, కాస్త లేస్తారా?” అన్నాడు అబ్బాయి.

“మేం మాట్లాడుకుంటాం లెండి,” అంది అమ్మాయి.

చెరో రెక్కా పట్టుకుని, మర్యాదగానే, గుమ్మం దాటించి తలుపేశారు.

ఆయన కిందికొచ్చి కూర్చున్నాడు. కాసేపటికి పైనుంచి అబ్బాయి గొంతు వినిపించింది. గొంతు లావు చేసి, “ఇవాళ ఎక్కువ మాట్లాడనమ్మా,” అంటున్నాడు. అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోతోంది.

పెద్దమనిషి చెవి ఒగ్గి విన్నాడు.

“అచ్చం నాలాగే ఉంది,” అన్నాడు. “కాకపోతే ‘అమ్మా’ దగ్గర నేను ఇంకాస్త సాగదీస్తాను. వెళ్లి చెప్పి రానా?”

భార్య లేచి తలుపు గడియ పెట్టింది.